వరి ఎవరు వేశారు?

పళ్లెంలా పల్చగా, గుండ్రంగా ఉన్న ఆ బుట్టను చేతిలోకి తీసుకోగానే అమ్మ మణికట్లు వాటంతటవే కదిలాయి. లోపల గింజలేమీ లేవు. అయినా రెండు చేతులా అంచులు పట్టుకుని, ఎగరేసి పట్టినట్టు రెండు సార్లు చెరిగింది. రోడ్డు పక్కన కొయ్య పందిరి కింద కూర్చుని బుట్ట అల్లుకుంటున్న పెద్దావిడ తలెత్తి చూసింది. చేతిలో పని ఒళ్లో పెట్టేసి, ఖాళీ చేతులతో గాలిలో సరిగ్గా అలాగే చెరిగి చూపించింది. ఇద్దరికీ అరవై దాటాయి. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

"ఏమే, ఇది చేట కదూ?" అంది అమ్మ నాతో. "మన చేటకు ముందు వైపు అంచు ఉండదు. దీనికి చుట్టూ ఉంది. అంతే తేడా."

అమెరికాలో మేముండే దక్షిణ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ ఊరు దాటి, కూపర్ నది మీద వంతెన దిగితే మౌంట్ ప్లెజెంట్ వస్తుంది. అక్కడ 17వ నంబరు హైవే పొడవునా ఇలాంటి పందిళ్లు కనిపిస్తాయి. వాటిలో అల్లేవారు, అమ్మేవారు గల్లా ప్రజలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవారి సంతతి. సువాసన ఉన్న ఒక రకం గడ్డిని జడపాయలా కూర్చి, చుట్టలు చుట్టలుగా తిప్పుతూ, తాటాకు లాంటి పామెట్టో ఆకు చీలికతో కుడతారు. కుట్టడానికి వాడే పనిముట్టు ఏమిటో తెలుసా? పాత చెంచా కాడను అరగదీసి చేసుకున్నది. ఒకప్పుడు ఎముకతో చేసేవారట, ఇప్పటికీ దాన్ని 'ఎముక' అనే పిలుస్తారు. అమ్మ పట్టుకున్న బుట్ట పేరు ఫ్యానర్. ఈ తీరంలో దంచిన వడ్ల నుంచి పొట్టు చెరిగింది దానితోనే.

ధర విని అమ్మ గతుక్కుమంది. ఎన్ని రోజులు పడుతుందో ఆవిడ చెబితే విని, మరి మాట్లాడలేదు. తన డబ్బుతోనే కొంటానని పట్టుబట్టి చిన్న ఫ్యానర్ ఒకటి కొనుక్కుంది.

కారులో కూర్చున్నాక అడిగింది: "పొద్దున చూసిన ఆ తోటలో ఈ తెల్లవాళ్లకు వరి ఎవరు నేర్పారు?"

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

కర్త ఎవరు

ఆ రోజు పొద్దున మేము చూసింది ఒక పాత ప్లాంటేషన్. ఓక్ చెట్ల వరుస, తెల్ల స్తంభాల ఇల్లు, వెనక చిన్న చిన్న ఇటుక గుడిసెలు. మమ్మల్ని తిప్పి చూపించిన అమ్మాయి మంచిది, మనసున్నది. బానిసత్వాన్ని దాచలేదు, తియ్యగా చెప్పలేదు. ఒక గుడిసె ముందు నిలబడినప్పుడు ఆమె గొంతు మారింది కూడా. కానీ ఆమె మాటల్లో ఒక సంగతి నన్ను ముల్లులా గుచ్చింది. దొర 'వరి వేశాడు', దొర కొడుకు 'గట్లు కట్టించి సాగు పెంచాడు', దొర మనవడు 'కొత్త రకం తూములు పెట్టాడు'. బానిసలు 'శ్రమపడ్డారు', 'బాధలు పడ్డారు', చివరికి 'ఈ దేశానికి ఎంతో తోడ్పడ్డారు'.

వాక్యానికి కర్త ఎప్పుడూ దొరే. బుద్ధి ఒకరిది, ఒళ్లు మరొకరిది అన్నట్టుగా ఉంది లెక్క.

తోడ్పాటు అనే మాట ఎంత మర్యాదగా ఉన్నా, ఇల్లు వేరొకరిదని ముందే ఒప్పుకున్నాకే నోట్లోంచి వస్తుంది. ఇంటివాడు కట్టుకుంటుంటే పక్కింటివాడు చెయ్యి వేస్తే తోడ్పాటు. పునాది దగ్గర నుంచి వాసాల దాకా ఎవరు ఎరిగి, ఎవరు కొలిచి, ఎవరు నిలబెట్టారో వాళ్లను పట్టుకుని తోడ్పడ్డారంటే అది అబద్ధం. నల్లజాతివారి గురించి, ఆదివాసుల గురించి ఈ దేశంలో గౌరవంగా మాట్లాడేవారు కూడా ఈ మాట దగ్గరే ఆగిపోతున్నారని నాకనిపిస్తోంది. కష్టాన్ని ఒప్పుకుంటారు. తెలివిని ఒప్పుకోరు.

ఇదంతా అమ్మతో అన్నాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూనే, "మన ఊళ్లో మాత్రం? ఈ ఏడు మీ నాన్నగారు ఏ వరి వేశారని నన్నే అడుగుతారు. మీ నాన్నగారు నారు పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు" అంది. చిన్నప్పుడు మా మడిలో వంగి ఊడ్చిన ఆడవాళ్ల వీపులు నాకు గుర్తున్నాయి. నాలుగైదు మొక్కలు కలిపి, వేళ్లు మడత పడకుండా, బొటనవేలితో బురదలోకి దింపే ఒడుపు గుర్తుంది. వాళ్లలో ఇద్దరి పేర్లు కూడా నేను చెప్పలేను.

ఉప్పునీటి అంచున

చార్లెస్టన్ స్థావరం 1670లో మొదలైంది. వచ్చినవారిలో చాలామంది ఇంగ్లండు నుంచి, బార్బడోస్ చెరకు తోటల నుంచి వచ్చినవారు. వాళ్లకు గోధుమ తెలుసు, చెరకు తెలుసు. వరి సాగు చేసే రైతులు వాళ్ల ఊళ్లలో లేరు. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి ఈ తీరం నుంచి బియ్యం ఓడలకెక్కుతోంది. ఇంకొన్ని దశాబ్దాలకు చార్లెస్టన్ ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ వలసల్లోకెల్లా సంపన్నమైన ఊళ్లలో ఒకటయింది.

మధ్యలో జరిగిందేమిటి? సెనెగల్, గాంబియా నదుల నుంచి సియెర్రా లియోన్ దాకా ఉన్న తీరాన్ని బానిస వ్యాపారులే 'వరి తీరం' అని పిలిచేవారు. చార్లెస్టన్ పత్రికల్లో బానిసల అమ్మకపు ప్రకటనల్లో ఆ పేరు గొప్పగా వేసుకునేవారు. ఆఫ్రికాకు సొంత వరి ఉంది. ఆసియా వరితో సంబంధం లేకుండా నైజర్ నది లోతట్టు డెల్టాలో వేల ఏళ్ల కిందట అక్కడివారు మచ్చిక చేసుకున్న పంట అది. ఇప్పటి గినీ తీరంలో 'బాగా' అనే తెగ ప్రజలు మడ అడవులు నరికి, గట్లు పోసి, వాన నీటితో ఉప్పు కడిగి వరి పండించేవారు. 1793లో శామ్యూల్ గ్యాంబుల్ అనే బానిస నౌక కెప్టెన్ అక్కడ చిక్కుకుపోయి, ఆ గట్లను, చాళ్లను బొమ్మ గీసి మరీ తన ఓడ దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు.

కోనసీమ మనిషి కాబట్టి అమ్మకు పొద్దునే అనుమానం వచ్చింది. "సముద్రం ఇంత దగ్గర కదా, ఉప్పునీరు ఎక్కదా?" అని అడిగింది. అక్కడే ఉంది అసలు విద్య అంతా. సముద్రానికి పోటు వచ్చినప్పుడు బరువైన ఉప్పునీరు కింది నుంచి నదిలోకి తోసుకొస్తుంది. తేలికైన మంచినీరు పైకి లేస్తుంది. ఆ పైపొర మడి మట్టానికి చేరిన వేళ చూసి తూము తియ్యాలి. కాస్త ముందు తీస్తే నీరెక్కదు. ఆలస్యమైతే, లేదా నదిలో నీరు తక్కువగా ఉన్న ఏడాదైతే, ఉప్పు ఎక్కి పైరు మాడిపోతుంది. ఆటు వేళ అదే తూము నుంచి నీరు బయటకు వదలాలి. ఈ పని చూసుకోవడానికి ప్రతి తోటలో ఒక మనిషి ఉండేవాడు, తెలంగాణ ఊళ్లలో చెరువు తూము చూసే నీరటి లాగా. అతను బానిసే. పంటంతా అతని అంచనా మీద నిలబడేది. తూమును ఇక్కడ 'ట్రంకు' అంటారు. మొదట్లో చెట్టు మాను తొలిచి, బిరడా కొట్టి వాడేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయిందని చెబుతారు. సరిగ్గా అలాంటి తొలిచిన మానులే ఆవలి ఆఫ్రికా తీరంలోనూ వాడేవారు.

గట్ల సంగతి ఒక్క లెక్క చెబుతాను. కూపర్ నది తూర్పు పాయ మీద పన్నెండున్నర మైళ్ల పొడవులోనే 1850 నాటికి 55 మైళ్లకు పైగా గట్లు ఉన్నాయని పురావస్తు పరిశోధకుడు లీలండ్ ఫెర్గసన్ లెక్క తేల్చాడు. పారలతో, బుట్టలతో, మోకాలి లోతు బురదలో, పాముల మధ్య, మలేరియా దోమల మధ్య పోసిన మట్టి అది. విమానం దిగేటప్పుడు కిందికి చూస్తే ఆ గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అమ్మ చూసి "ఊడ్పులకు తయారు చేసిన మళ్లలా ఉన్నాయి" అంది.

ఇక దంపుడు. నీటి బలంతో తిరిగే మిల్లులు 1787 తర్వాత వచ్చాయి. దానికి ముందు ఏటా ఓడల కొద్దీ బియ్యం చేత్తో దంచినవే. పగలంతా పొలంలో పని, తెల్లవారకముందూ చీకటిపడ్డాకా రోకటి పోటు. చెట్టు మొద్దును తొలిచిన రోలు, నడుము సన్నగా రెండు కొసలూ లావుగా ఉన్న రోకలి చార్లెస్టన్ మ్యూజియంలలో చూడవచ్చు. దంచడం తెలిసినవాళ్లకు తెలుసు, ఎక్కడ ఆపాలో తెలియకపోతే బియ్యం నూకలవుతాయి. యూరప్ మార్కెట్లో నూకలకు ధర లేదు. గింజ విరగకుండా దంచే ఆ చేతి లెక్కను కూడా 'శ్రమ' అనే ఖాతాలోనే రాశారు.

రెండు కథలు

ఇక్కడ నా వాదానికి ఎదురు వాదం ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు.

వరి ఆఫ్రికావారి విద్య అని పీటర్ వుడ్, జ్యుడిత్ కార్నీ వంటి పరిశోధకులు రాసిన తర్వాత, 2007లో డేవిడ్ ఎల్టిస్, ఫిలిప్ మోర్గన్, డేవిడ్ రిచర్డ్‌సన్ అనే ముగ్గురు చరిత్రకారులు బానిస నౌకల ప్రయాణాల లెక్కలు ముందు పెట్టి దాన్ని ప్రశ్నించారు. వరి పండించే ప్రాంతాలవారినే ఏరి తెచ్చారనడానికి అంకెలు ఒప్పుకోవన్నారు. తొలి ఏళ్లలో వచ్చినవారిలో చాలామంది వరి ఎరగని ప్రాంతాలవారన్నారు. దొరలు కూడా ప్రయోగాలు చేశారు, ఇతర దేశాల నుంచి నేర్చుకున్నారు అన్నారు.

చదివినప్పుడు నాకు కొంత ఇబ్బందిగానే అనిపించింది. వాళ్ల అంకెల్లో నిజం ఉంది. ఒక పంట సాగు ఒకే చోటి నుంచి మూటగట్టి తెచ్చినట్టు రాదు. అందరూ తలో చెయ్యి వేసి, తప్పులు చేసి, దిద్దుకుని ఉంటారు. కాబట్టి 'అంతా ఆఫ్రికావారే' అని నేను అనను. కానీ ఫ్యానర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రోలు, ఆ రోకలి ఎక్కడివి? విత్తనానికి బంకమట్టి పట్టించి, మడమతో గుంట చేసి, వేసి, కాలితో కప్పే పద్ధతి ఏ ఇంగ్లీషు పల్లె నుంచి వచ్చింది?

నన్ను ఆలోచనలో పడేసేది ఇంకొకటి. ఇక్కడ వరి పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న పాత కథలో మడగాస్కర్ నుంచి వస్తూ దారితప్పిన ఒక ఓడ కెప్టెన్, 1685 ప్రాంతంలో చార్లెస్టన్‌లో హెన్రీ వుడ్‌వర్డ్ అనే పెద్దమనిషికి వడ్ల సంచి ఇస్తాడు. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో, బ్రెజిల్‌లో తోటల నుంచి పారిపోయిన బానిసల సంతతి చెప్పుకునే కథ వేరు. ఒక ఆఫ్రికా తల్లి ఓడెక్కేముందు తన జుట్టులో, తన పిల్లల జుట్టులో వడ్లు దాచి తెచ్చిందంటారు. మొదటి కథకు గట్టి రుజువేమీ లేదు. అయినా తరతరాలుగా చరిత్రగా చెలామణి అయింది. రెండో కథను జానపద గాథ అన్నారు. వడ్ల సంచి ఇస్తే సాగు రాదని రైతు ఇంట పుట్టిన ఎవరికైనా తెలుసు. మా పెరట్లో బస్తా వడ్లు పోసినా నేను మడి చెయ్యలేను.

1708 లెక్క

ఇంతవరకు నేను చెప్పిందాంట్లోనూ పెద్ద లోపం ఒకటి ఉంది. వరి ఎవరు వేశారని అడిగాను. ఎవరి నేలలో వేశారని అడగలేదు.

1708లో ఈ వలస అధికారులు జనాభా లెక్క రాసి లండన్‌కు పంపారు. మొత్తం 9,580 మంది. అందులో నల్లజాతి బానిసలు 4,100. ఆదివాసీ బానిసలు 1,400. ఈ రెండో అంకె చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. ఇక్కడికి వచ్చి పదేళ్లు దాటినా ఆదివాసులను కూడా పట్టి అమ్మారని నాకు తెలియదు. 1670 నుంచి 1715 దాకా వేలాదిమందిని ఈ రేవు నుంచే కరీబియన్ దీవులకు అమ్మేశారు. ఆ కాలంలో చార్లెస్టన్‌లోకి దిగిన ఆఫ్రికావారి కన్నా ఇక్కడి నుంచి ఎగుమతయిన ఆదివాసులే ఎక్కువని చరిత్రకారుడు అలన్ గాలే అంచనా.

మిగిలినవి పేర్లు. ఎడిస్టో, కంబీ, శాంటీ, వాండో, కియావా. నదులకూ దీవులకూ ఆ తెగల పేర్లే. కియావాకు మావాళ్లు ఏటా సెలవులకు వెళతారు, అక్కడి సముద్రపు ఒడ్డు ఫొటోలు పంపుతారు. అది ఒక జనం పేరని నేను కూడా ఈ మధ్యే తెలుసుకున్నాను. కటాబా అనే తెగ ప్రజలు మాత్రం ఈ రాష్ట్రంలోనే రాక్ హిల్ ఊరి దగ్గర ఇప్పటికీ ఉన్నారు, తమ పేరే ఉన్న నది బంకమట్టితో కుండలు చేస్తూ. 1959లో కేంద్ర ప్రభుత్వం వాళ్లకు తెగగా ఉన్న గుర్తింపును రద్దు చేసింది. 1993లో తిరిగి తెచ్చుకున్నారు.

వాళ్ల తెలివిని పట్టించుకోకపోతే ఏమవుతుందో మొక్కజొన్న చెబుతుంది. అమెరికా ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీటిలోనో, కట్టె బూడిద నీటిలోనో ఉడికించి, పొట్టు తీసి తినేవారు. ఎందుకలా చేస్తారో బయటివారికి అర్థం కాలేదు. గింజను తీసుకెళ్లారు, బూడిదను వదిలేశారు. అలా ఉడికిస్తేనే గింజలో ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్‌లో మొక్కజొన్న పేదల తిండి అయినచోటల్లా చర్మం పగిలి, మతి చెడి చనిపోయే పెలాగ్రా జబ్బు వెంట వెళ్లింది. 1735లోనే స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ దాన్ని వర్ణించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో, ఎక్కువగా ఈ దక్షిణ రాష్ట్రాల్లో, సుమారు ముప్ఫై లక్షల మందికి ఆ జబ్బు వచ్చి లక్షమంది చనిపోయారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపమని రుజువు చేయడానికి మా రాష్ట్రంలోని మిల్లు ఊళ్లలోనే ఏళ్ల తరబడి తిరిగాడు. ఈ జబ్బు మనకు కొత్తది కాదు. జొన్నలే ఆధారమైన దక్కన్ పేదల్లో పెలాగ్రా ఎందుకొస్తోందో హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో పరిశోధించారు.

వంటింట్లో ఒక ఆడది బూడిద నీళ్లు పోసి ఉడికించింది. అందులో ఎంత రసాయన శాస్త్రం ఉందో తెలుసుకోవడానికి లోకానికి రెండు వందల ఏళ్లు, లక్షల ప్రాణాలు పట్టాయి.

అక్షరం తెలియనివాడి అక్షరాలు

మా అమ్మాయికి పదేళ్లు. ఆదివారాలు తెలుగు బడికి వెళుతుంది. ఉత్తర కరోలినా కొండల్లో చెరోకీ అనే ఊళ్లో ఉన్న మ్యూజియంకు తీసుకెళ్లినప్పుడు, గోడ మీద లిపి పట్టిక చూసి, "అమ్మా, వీళ్లకు కూడా కా కి కూ ఉంది!" అని అరిచింది.

నిజమే. సెకోయా అనే చెరోకీ కంసాలికి ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలతో మాట్లాడుకుంటున్నారని చూసి, తన భాషకూ ఆ విద్య కావాలనుకున్నాడు. మొదట మాటకొక గుర్తు పెట్టి చూశాడు, వల్ల కాలేదు. పన్నెండేళ్లు పట్టింది. చివరికి మాటను పలుకులుగా విడగొట్టి, ఒక్కో పలుకుకు ఒక్కో గుర్తు చొప్పున ఎనభైకి పైగా అక్షరాలు 1821కి సిద్ధం చేశాడు. ఏ, బీ, సీ, డీల దారి పట్టలేదు. తన భాష ఎలా పలుకుతుందో చెవితో విని, హల్లూ అచ్చూ కలిసిన పలుకునే అక్షరం చేశాడు. మన గుణింతంలో కనిపించే పోలిక ఆ గుర్తుల మధ్య ఉండదు కానీ, కా అంటే ఒక అక్షరం, కి అంటే ఒక అక్షరం అన్న ఆలోచన మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. అందుకే పిల్లకు చూడగానే తెలిసింది. కొద్ది ఏళ్లలోనే చెరోకీలు పెద్ద సంఖ్యలో చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1828లో సొంత పత్రిక తెచ్చుకున్నారు. 1832లో సుప్రీంకోర్టులో వారి పక్షాన తీర్పు వచ్చింది. 1838లో సైన్యం వచ్చి వారిని ఇళ్ల నుంచి ఓక్లహోమా వైపు నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు.

నాగరికులైతే మా మధ్య ఉండనిస్తామన్నారు. లిపి, పత్రిక, రాజ్యాంగం, కోర్టు, అన్నీ చూపించినా ఉండనివ్వలేదు. తెలివి నిరూపిస్తే గౌరవం వస్తుందనే నా నమ్మకం మీద దెబ్బ కొట్టిన సంగతి ఇదే.

లెక్కలోకి రాని పాట

ఆ దెబ్బ గురించి కొంచెం చెప్పాలి. వరి తెలుసు, తూము తెలుసు, లిపి చేశారు అని నేను ఇంత ఆవేశంగా రాస్తుంటే, లోపల ఒక గొంతు అడుగుతోంది. ఏమీ తెలియకపోతే? ఏమీ చెయ్యకపోతే? అప్పుడు అమ్మవచ్చా? నైపుణ్యం గురించిన మాట ఎటువైపైనా తిరుగుతుంది. 2023లో ఫ్లోరిడా రాష్ట్రం బడి పాఠాల ప్రమాణాల్లో, బానిసలు నేర్చుకున్న నైపుణ్యాలు కొన్ని సందర్భాల్లో వారి సొంత మేలుకు పనికొచ్చాయని చేర్చింది. విద్య వాళ్లతో వచ్చిందన్న నా మాటకు అది తలకిందులు రూపం. అయినా రెంటిలోనూ మనిషిని పనితనంతో తూచే గుణం ఉందేమోనని భయం వేస్తుంది.

1756లో సియెర్రా లియోన్‌లోని బన్స్ దీవి నుంచి ఒక ఓడ చార్లెస్టన్ చేరింది. ఎలియాస్ బాల్ అనే వరి తోటల దొర అందులో కొందరు పిల్లలను కొన్నాడు. ఒక పిల్లకు ప్రిసిల్లా అని పేరు పెట్టి, వయసు అంచనా వేసి, పదేళ్లు అని పద్దు రాసుకున్నాడు. పదేళ్ల పిల్లకు వరి సాగు ఏం తెలుసు? ఏ విద్య తెచ్చింది? మా అమ్మాయి వయసు. ఆ పద్దు ఉంది కాబట్టి, ఓడ కాగితాలు దొరికాయి కాబట్టి, 2005లో ఆమె వారసురాలు ఒకరు సియెర్రా లియోన్ వెళ్లి ఆ నేల మీద అడుగుపెట్టగలిగారు.

పాట సంగతి ఇంకా చిత్రమైనది. 1930లలో లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషా శాస్త్రవేత్త బరువైన రికార్డింగ్ యంత్రం మోసుకుని గల్లా దీవుల్లో తిరిగాడు. అంతకుముందు పండితులు గల్లాను చెడిపోయిన ఇంగ్లీషు అని కొట్టిపారేసేవారు. ఆఫ్రికా భాషల నుంచి వచ్చిన వేల మాటలను, పేర్లను ఆయన అందులో చూపించాడు. జార్జియా తీరంలోని హారిస్ నెక్‌లో అమీలియా డాలీ అనే ఆమె ఆయనకు అయిదు పాదాల పాట పాడి వినిపించింది. తల్లి నుంచి నేర్చుకుంది, అర్థం తెలియదు. అది మెండే భాష అని తేలింది. చాలా ఏళ్ల తర్వాత పరిశోధకులు ఆ పాట పట్టుకుని సియెర్రా లియోన్ పల్లెలు తిరిగితే, సెనెహున్ ఎన్‌గోలా అనే ఊళ్లో ఒక స్త్రీ అదే పాట పాడింది. సమాధి దగ్గర పాడే పాట అట. 1997లో అమీలియా కూతురు ఆ ఊరికి వెళ్లింది.

ఆ పాట వల్ల ఏ దొరకూ ఒక్క గింజ ఎక్కువ పండలేదు. ఏ దేశానికీ అది తోడ్పడలేదు. తల్లులు బిడ్డలకు ఇచ్చారు, అంతే. నేను వరి గురించి ఎంత వాదించినా, ఈ పాట ముందు ఆ వాదం చిన్నబోతుంది. అయినా వాదిస్తాను. పాట విలువ తెలిసినవారి ముందు వాదించే అవసరం రాదు, కానీ వాళ్లు తక్కువ.

భోజనాల దగ్గర

అమ్మ వెళ్లేముందు మా ఇంట్లో నాలుగు కుటుంబాలు భోజనానికి కలిశాయి. చార్లెస్టన్ నుంచి తెచ్చిన నువ్వుల బిళ్లలు అందరికీ పెట్టాను. అక్కడ నువ్వులను 'బెన్ని' అంటారు, పశ్చిమ ఆఫ్రికా మాట. నువ్వు మన దేశం నుంచే ఎప్పుడో ఆఫ్రికాకు వెళ్లి, ఆ పేరుతో ఓడల్లో ఇక్కడికి చేరింది. ఈ సంగతి అందరికీ నచ్చింది. మాట అక్కడి నుంచి నల్లవారి మీదికి మళ్లింది. మనం రెండు సూట్‌కేసులతో వచ్చి ఇంతవాళ్లమయ్యాం, వాళ్లు ఇన్ని తరాలుగా ఇక్కడే ఉండి ఏం చేసుకున్నారు, అన్నారు ఒకాయన. పెద్దవారు, నాకు గౌరవం ఉన్నవారు. నేను కోపంతో మాట్లాడితే పని చెడుతుందని తెలుసు.

"అన్నయ్యగారూ, మనల్ని రానిచ్చింది ఎవరో తెలుసా?" అన్నాను. 1946 నుంచి భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా. అంతకు ముందు అదీ లేదు. భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం, ఆ అక్టోబరులోనే మనలాంటివారికి తలుపు తెరిచిన వలస చట్టం. జాతిని బట్టి మనిషిని కొలవడం తప్పని నల్లజాతివారు రోడ్ల మీద దెబ్బలు తిని ఒప్పించిన గాలిలోనే మూడోదీ వచ్చింది. మన పిల్లలు చదివే ప్రభుత్వ బడి సంగతి కూడా చెప్పాను. ఈ రాష్ట్రంలో అందరికీ ఉచిత చదువు అన్న మాటను 1868 రాజ్యాంగంలో రాసిన సభలో ఎక్కువమంది నల్లజాతి ప్రతినిధులే. వాళ్లలో రాబర్ట్ స్మాల్స్ ఉన్నాడు. 1862లో చార్లెస్టన్ రేవులో తాను బానిసగా నడుపుతున్న ఓడలోనే రాత్రికి రాత్రి కుటుంబంతో సహా తప్పించుకుపోయిన మనిషి. రేవులోని ప్రతి కోట దాటడానికి ఏ సంకేతం ఇవ్వాలో అతనికి తెలుసు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఒప్పుకున్నారని నేను అనుకోవడం లేదు. వెళ్లేటప్పుడు, ఆ థిండ్ కేసు గురించి ఎక్కడ చదవాలో పంపమన్నారు. పంపాను.

అమ్మ ఊరు చేరిన వారానికి ఫోను చేసింది. ఫ్యానర్‌లో మినప్పప్పు చెరిగిందట. ముందు అంచు ఉండడం వల్ల మొదట చేతికి లొంగలేదట, కాస్త వంచి పడితే పొట్టు చక్కగా ఎగిరిందట. పక్కింటి వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారట.

"ఎవరు చేశారని అడుగుతున్నారే. ఆవిడ పేరేమిటి?" అంది.

నేను ఆవిడను గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడిగాను, ఎన్ని రోజులు పడుతుందని అడిగాను, ధర అడిగాను. పేరు అడగలేదు.